స్టోన్‌హౌస్‌పేట మిల్లుల వెనకటి కల్లంగడి, సారాయంగడి: గుర్తున్నవారు చెబుతారా?

ప్రశ్న: స్టోన్‌హౌస్‌పేట పాత నివాసి

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం మిల్లుల వెనక వీధుల్లో 1970, 80 దశకాల్లో నడిచిన కల్లంగడి గురించి, దానికి కూతవేటు దూరంలో ఉండిన సారాయంగడి గురించి తెలిసినవారి నుంచి వివరాలు కోరుతున్నాను. మా పేట గురించి, అక్కడి మిల్లులు, హమాలీలు, లారీ షెడ్ల గురించి మా ఇంటి పిల్లలు చదువుకోవడానికి ఒక చిన్న పుస్తకం లాంటిది రాస్తున్నాను. మిల్లుల గురించి, గుడి గురించి, బడి గురించి చెప్పేవారు కావలసినంతమంది దొరికారు గాని, అంగళ్ల ప్రస్తావన వచ్చేసరికి అందరూ ఒక నవ్వు నవ్వి మాట మార్చేస్తున్నారు. ధాన్యం ఆరబోసే గచ్చుల మీద అపార్టుమెంట్లు లేచాయి, గోదాముల్లో కొన్ని ఫంక్షన్ హాళ్లయ్యాయి. ఇప్పటి పిల్లలకు మందు అమ్మే చోటంటే ఇనుప కటకటాల వెనక నిలబడి సీసా అందించే వైన్ షాపు ఒక్కటే తెలుసు.

పాత సంగతులు వెతుకుతూ పోతే తేలిన విషయం ఒకటుంది. మనం తాతల నాటివి అనుకుంటున్న ఈ అంగళ్లు నిజానికి పాతికేళ్లు కూడా నిండుగా బతకలేదు. మద్రాసు రాష్ట్రంలో దశలవారీగా వచ్చిన మద్యనిషేధం 1948 నాటికి అన్ని జిల్లాలకూ పాకింది, నెల్లూరు అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా కోస్తా జిల్లాల్లో ఆ నిషేధం కొనసాగింది. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చిన తరువాతనే లైసెన్సు బోర్డు తగిలించుకొని బహిరంగంగా అమ్మే అంగళ్లు మన వైపు మళ్లీ మొదలయ్యాయి. 1993లో సారా పోయింది. అంటే మా తాతగారి నడివయసులో పేటలో బహిరంగమైన అంగడి లేదు, మా అబ్బాయి పుట్టేనాటికి మళ్లీ లేదు, మధ్యన మా నాన్నగారి తరం మాత్రమే దాన్ని చూసింది.

నేను అప్పటికి పిల్లవాణ్ణి కాబట్టి గుమ్మం దాటి లోపలికి వెళ్లింది లేదు. లోపల ఎలా ఉండేది, ఎవరు నడిపేవారు, ఎవరెవరు వచ్చేవారు, ఏం తినేవారు అన్నవి తెలుసుకోవాలని ఉంది. దాన్ని గొప్ప చేసి రాసే ఉద్దేశం నాకు లేదు, దాచి రాసే ఉద్దేశమూ లేదు.

జవాబు: విశ్రాంత మిల్లు గుమాస్తా

అయ్యా, ఆ వరుసలోనే ఒక మిల్లులో చాలాకాలం లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. ముందుగా ఆ రెండు అంగళ్లనూ ఒకే గాటన కట్టకండి. కల్లంగడి కూర్చునే చోటు, సారాయంగడి నిలబడే చోటు. కల్లంగడి అంటే తాటాకు పందిరి, ఇసుక పోసిన నేల, వరుసగా మట్టి కుండలు, అంతే. బల్లలూ కుర్చీలూ ఉండేవి కావు. గొంతుక్కూర్చొని గంటసేపు మాట్లాడుకుంటూ తాగేవారు. ఎక్కువమందికి తాటాకు దొన్నెల్లోనే పోసేవారు, గ్లాసులు కొన్నే ఉండేవి. అక్కడ అందరూ అన్నదమ్ముల్లా ఒకే గ్లాసుతో తాగారని ఎవరైనా మీకు చెబితే నమ్మవద్దు. దొన్నె అయితే తాగి పారేయవచ్చు కాబట్టి ఎవరి ఎంగిలి ఎవరికి అంటుతుందన్న ప్రశ్న రాకుండా గడిచిపోయేది, అంతకుమించి సమానత్వమేమీ లేదు.

సారాయంగడిలో చెక్క బల్ల, దాని వెనక జాలీ, లోపల ఒక గుమాస్తా. డబ్బు ఇచ్చి, గ్లాసు ఎత్తి, మూతి తుడుచుకొని బయటికి వచ్చేయడమే. మొదట్లో గ్లాసుతో కొలిచి పోసేవారు, తరువాత ప్లాస్టిక్ ప్యాకెట్లు వచ్చాయి. అంగడి పాటదారుది. ఎక్సైజు వారు ఏటా వేలం వేసేవారు, అక్టోబరులో కొత్త సంవత్సరం మొదలయ్యేది, పాట దక్కించుకున్నవాడు మారితే జాలీ వెనక మనిషి మారేవాడు. గది మాత్రం అదే, తాగేవారూ వారే.

ఇక మా మిల్లు హమాలీలకూ ఆ అంగడికీ మధ్య ఉన్న సంబంధం బయటివారికి అంతగా తెలియదు. శనివారం సాయంత్రం బట్వాడా జరిగేది. పుట్టికి ఇంత అని, బస్తాకు ఇంత అని లెక్క కట్టి, జట్టు మొత్తానికి రావలసిన డబ్బు మేస్త్రి చేతికి ఇచ్చేవాళ్లం. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు కాబట్టి, వారమంతా ఎత్తిన పుట్లు లెక్కవేస్తే ఆ భుజాల మీద ఎంత బరువు పడిందో మీరే ఊహించుకోవచ్చు. మేస్త్రికి అందేవి పెద్ద నోట్లు. వాటిని పదిమందికి పంచాలంటే చిల్లర కావాలి. పొద్దుగూకిన తరువాత ఆ చుట్టుపక్కల చిల్లర దొరికే చోటు సారాయంగడి ఒక్కటే. ఊరకే చిల్లర ఇవ్వడు గదా, తలా ఒక గ్లాసు తీసుకోవాలి. ఆ విధంగా తాగని మనిషి కూడా వారానికి ఒకసారి ఆ గుమ్మం ముందు నిలబడి తన కూలి అందుకోవలసి వచ్చేది. మా యజమానికి ఈ సంగతి తెలుసు, బ్యాంకు నుంచి చిల్లర తెప్పించమని ఎవరో అడిగితే అది మేస్త్రి చూసుకోవలసిన పని అని తోసేశారు.

తిండి సంగతి అడిగారు. అంగడి వారు ఏమీ వండేవారు కాదు. గుమ్మం బయట ఒక ముసలమ్మ గంపలో అలసంద గుగ్గిళ్లు, ఉడికించిన శనగలు, కారం పట్టించి వేయించిన ఎండు నెత్తళ్లు పెట్టుకొని కూర్చునేది. ఆమె దగ్గర పాటదారు చోటు అద్దె తీసుకున్నట్టు నేనెప్పుడూ వినలేదు. ఉప్పూ కారమూ తిన్నవాడు ఇంకో గ్లాసు తాగుతాడని వాడి లెక్క. లారీ డ్రైవర్లు మాత్రం అక్కడ తినేవారు కాదు, ట్రంకు రోడ్డు మీద హోటళ్లకు పోయి చేపల పులుసుతో భోజనం చేసేవారు.

జవాబు: కలిగిరి వైపు ఆడబిడ్డ

పెద్దవారు చెప్పిన చిల్లర సంగతి చదివిన తరువాత రాయకుండా ఉండలేకపోయాను. మాది కలిగిరి మండలం, దూబగుంట మాకు దగ్గర ఊరే. పెళ్లయి నెల్లూరు వచ్చాను గాని, అంగడి జ్ఞాపకాలు నాకు పల్లెవి. మగవారి జ్ఞాపకాల్లో అంగడి లోపల నుంచి కనిపిస్తుంది, మాకు బయట నుంచి కనిపించేది. వీధి మలుపులో నిలబడి నాన్నను పిలుచుకురమ్మని తమ్ముణ్ణి లోపలికి తోసేదాన్ని. వాడి చేతిలో నాన్న గుగ్గిళ్ల పొట్లం పెట్టి తిప్పి పంపేవాడు. ఇత్తడి బిందె తాకట్టుకు పోవడం, అది విడిపించేలోగా గంగాళం పోవడం మా వీధిలో ఏ ఇంటికి ఆ ఇంటి కథే కాబట్టి విస్తరించను.

అయితే మీరు పుస్తకంలో తప్పక రాయవలసింది ప్యాకెట్ల గురించి. 1980లలో ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో ప్యాకెట్లలో సారా సరఫరా మొదలుపెట్టే వరకు, అంగడి ఎంత చెడ్డదైనా దానికొక చోటు, ఒక వేళ ఉండేవి. మనిషి ఎక్కడున్నాడో ఇంట్లో తెలిసేది, అంగడి కట్టేసే వేళకు వస్తాడని తెలిసేది. ప్యాకెట్ వచ్చిన తరువాత సారా సైకిల్ సంచుల్లో, బడ్డీ కొట్లలో, పొలం గట్ల దాకా వచ్చేసింది. నాట్లకు పోయిన చోటికే వచ్చి అమ్మేవారు. పొద్దున లేస్తూనే దొరికేది. అంగడి అనే చోటును చంపింది ప్యాకెట్టే. మా ఆడవాళ్లు అడ్డుకునేనాటికి ఊరంతా అంగడి అయిపోయి ఉంది.

ఆ పోరాటం ఎక్కడి నుంచి పుట్టిందో కూడా ఇప్పటివారికి గుర్తు చేయాలి. 1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది, అక్షరదీపం అనేవారు. రాత్రి బడుల్లో చదివిన వాచకంలో తాగుడు వల్ల సంసారం చితికిన సీతమ్మ కథ ఒక పాఠంగా ఉండేది. ఆ పాఠం చదివి ఆడవాళ్లు తమ సంగతులు చెప్పుకోవడం మొదలుపెట్టారు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ గారు ముందు నిలబడగా ఆడవాళ్లు కలిసి తమ ఊరి సారాయంగడి మూయించారు. ఆ కబురు ఊరూరా పాకి, 1992 వర్షాకాలం గడిచేసరికి జిల్లా అంతటా సారా జీపులను అడ్డుకోవడం, ప్యాకెట్లను నేలమీద పోసి తగలబెట్టడం నడిచింది. నెల్లూరులో జరగవలసిన సారా వేలం పాటలు మహిళలు అడ్డుకోవడం వల్ల మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న మన జిల్లాలోనూ, అదే ఏడు అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పాట సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేదని పెద్దవారు చెప్పారు గదా, ఆ తేదీకి కారణం అదేనని నాకు ఇప్పుడు తోస్తోంది.

మరొక మాట. మా ఊళ్లో ఆడవాళ్లు కల్లంగడి జోలికి పోలేదు. సారా మీద ఉన్న పగ దాని మీద లేదు. కల్లు తాగిన మనిషి ఇంటికి వచ్చి నిద్రపోయేవాడు అనేవారు మా అమ్మమ్మ. అందరి ఇళ్లలో అది నిజం కాదని నాకు తెలుసు.

జవాబు: ఇందుకూరుపేట వైపు గీత కుటుంబం

మీ కల్లంగడికి వచ్చే కుండల్లో కొన్ని మా వైపు నుంచే వచ్చి ఉండాలి. మా నాన్న, మేనమామలు తాడి ఎక్కినవారే. తోట నుంచి పట్నానికి కల్లు తోలడం చాలా లెక్కగా జరిగే పని, అంగడి వారికంటే ఆ లెక్క మా ఇంట్లోనే బాగా తెలుసు.

పోతుతాడికైతే గెలలను కర్ర పటకారుతో నొక్కి మెత్తబరచి, కొసను గీతకత్తితో పలచగా చెక్కి ముంత కడతారు. పండుతాడికి కాయ పిందెగా ఉన్నప్పుడే గీస్తారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మోకు వేసుకొని ఎక్కి, కారిన రసం దించి, కొసను మళ్లీ చెక్కాలి. ఒక్కపూట మానితే గాయం ఎండి ధార తగ్గుతుంది, అందువల్ల ఇంట్లో చావు జరిగినా ఎవరో ఒకరు చెట్టెక్కవలసిందే. ముంత లోపల సున్నం పూస్తే రసం పులవదు, అది నీరా. సున్నం లేకపోతే ముంతలో మిగిలిన పాత పులుపు వల్లనే పొంగు మొదలవుతుంది. తెల్లవారి దించింది తియ్యగా ఉండి, మధ్యాహ్నానికి ఘాటెక్కి, మర్నాటికి పులిసిపోతుంది. కాబట్టి పట్నం అంగడికి దూరం ముఖ్యం. సైకిల్ వెనక కుండలు కట్టుకొని పొద్దెక్కకముందే ఊళ్లో దించేవారు, హమాలీల కోసం సాయంత్రం దించిన కల్లు వేరుగా పోయేది. పట్నంలో దించిన తరువాత అంగడి వారు అందులో ఎన్ని నీళ్లు కలిపారో, ఎంత సాక్రిన్ వేశారో మా పూచీ కాదు. ఆ చెడ్డపేరు మాత్రం మా మీదికే వచ్చేది.

ప్రశ్న అడిగినవారు నిషేధకాలం గురించి రాశారు, దానికి ఒక సంగతి కలపాలి. ఆ కాలంలో చెట్టు ఎక్కడమే నేరంగా చూసిన రోజులున్నాయి, తాటిబెల్లం కాయడం ఒక్కటే మా వాళ్లకు మిగిలిన దారి. గీత కార్మికుల బతుకు ఆంధ్ర రాష్ట్ర రాజకీయాలనే కుదిపింది. నిషేధాన్ని ఎత్తివేయాలన్న రామమూర్తి కమిటీ సిఫారసులను అమలు చేయలేదన్న వివాదం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో టంగుటూరి ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ప్రకాశం జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం గాని, ఆయన ప్రభుత్వం పడిపోయిన కారణాల్లో మా తాటిచెట్టు కూడా ఉందని బడిలో చెప్పగా నేను వినలేదు.

అంగళ్లు ఎప్పుడు మూతపడ్డాయో కూడా చెప్పాలి. సారాయంగడికి తేదీ ఉంది గాని కల్లంగడికి అలాంటి తేదీ లేదు. చెట్లు తగ్గుతూ వచ్చాయి, అంగడి వాటితో పాటు సన్నగిల్లింది. 1990ల మొదట్లో మా వైపు రొయ్యల గుంటలు తవ్వారు, గట్ల మీద తాళ్లు పోయాయి. కొన్ని ఇటుక బట్టీలకు పోయాయి, ఊరికి దగ్గరగా ఉన్నవి ప్లాట్లకు పోయాయి. తాడి గీతకు రావడానికి పదిహేనేళ్లకు పైగా పడుతుంది, కాబట్టి కొట్టిన చెట్టు బదులు నాటి ఎదురుచూసే ఓపిక ఎవరికీ లేకపోయింది. మా అన్న చెట్టు మీద నుంచి పడి నడుము విరిగి మంచాన పడిన తరువాత మా ఇంట్లో పిల్లలెవరూ మోకు పట్టలేదు. నేను ఆటోమొబైల్ విడిభాగాల దుకాణంలో చేస్తున్నాను.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. చిల్లర సంగతి, ప్యాకెట్ల సంగతి, సాయంత్రపు కుండల సంగతి నాకు ఎవరూ చెప్పనివి. అమ్మా, మీరు చెప్పినది పుస్తకంలో మీ మాటల్లోనే వేసుకోవడానికి అనుమతి కోరుతున్నాను, పేరు అక్కరలేదు. గుమాస్తా గారూ, మీరు చెప్పిన జాలీ గది ఏ పక్కన ఉండేదో కాస్త గుర్తు చెప్పగలరా? వేపచెట్టు దగ్గర అని మా అక్కయ్య అంటోంది, మిల్లు కాటా ఎదురుగా అని నాకు గుర్తు. అలాగే 1993 తరువాత ఆ గది ఏమైంది?

జవాబు: ఆ వీధి అపార్టుమెంటు వాసి

నేను అక్కడికి వచ్చి చాలాకాలం కాలేదు కాబట్టి పాత సంగతులు తెలియవు, ఇప్పటివి చెప్పగలను. మా అపార్టుమెంటు మిల్లు స్థలంలోనే కట్టారు. సెల్లార్‌లోకి దిగే వాలు పక్కన పాత కాటా తాలూకు ఇనుప చట్రం ఒకటి నేలలో కూరుకొని ఉంది, బిల్డర్ దాన్ని తీయించలేదు. వేపచెట్టు లేదు. సాయంత్రం ఆటో డ్రైవర్లు, భవన నిర్మాణ కూలీలు టీ బంకు దగ్గర గుమికూడతారు, మీరు చెబుతున్న మాటలూ కబుర్లూ ఏమైనా మిగిలి ఉంటే అక్కడే ఉన్నాయి. మందు కావలసినవారు మెయిన్ రోడ్డు దాకా పోవాలి. 2019 అక్టోబరు నుంచి అక్కడి మందు షాపు ప్రభుత్వ దుకాణంగా నడిచింది, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు వారి చేతికి వచ్చింది. నేను చూసిన రోజుల్లో అక్కడ కూర్చునే చోటు లేదు, కొన్నవారు మా ప్రహరీ గోడ నీడన నిలబడి తాగి పోయేవారు. దీని మీద మా సంక్షేమ సంఘం వాట్సాప్‌లో ఎంత గొడవ జరిగిందో చెప్పనలవి కాదు. సారాయంగడి నిలబడే చోటు అని పెద్దవారు రాసింది చదివి మా గోడే గుర్తొచ్చింది.

జవాబు: కలిగిరి వైపు ఆడబిడ్డ

నిరభ్యంతరంగా వేసుకోండి. మా అమ్మమ్మ మాట వేస్తే దాని పక్కన నేను రాసిన మాట కూడా వేయండి, ఒక్క అమ్మమ్మ మాటే వేస్తే కల్లుకు ప్రచారం అవుతుంది.

జవాబు: విశ్రాంత మిల్లు గుమాస్తా

మీ అక్కయ్య గారు చెప్పినదీ, మీరు చెప్పినదీ రెండూ సరైనవే. వేపచెట్టు కింద ఉన్నది కల్లు పందిరి. కాటాకు ఎదురుగా, దారికి పడమటి పక్కన ఉన్న పెంకుటి గదిలో సారా అమ్మేవారు. అపార్టుమెంటు అబ్బాయి చెప్పిన ఇనుప చట్రం దగ్గర నిలబడి ఎదురుగా చూస్తే, ఇప్పుడు ఏ కట్టడం ఉందో అదే ఆ స్థలం. 1993లో గది ఖాళీ అయిన తరువాత కొన్నాళ్లు గోనె సంచులు కుట్టేవారు అద్దెకు ఉన్నారు. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చినప్పుడు ఎక్సైజు వారు పాత అలవాటు కొద్దీ ఆ గదిని కూడా సోదా చేశారు, సంచులు తప్ప ఏమీ దొరకలేదు. 1997లో ఆ నిషేధం ఎత్తివేసిన తరువాత కూడా అక్కడికి మందు రాలేదు, మెయిన్ రోడ్డు మీదనే పెట్టారు.

బట్వాడా విషయంలో నా మాట ఒక్కటే ఆధారం కాకూడదు. మా జట్టు హమాలీల్లో ఇద్దరు ఇంకా ఉన్నారు, పొద్దున పూట హమాలీ సంఘం గది దగ్గర కూర్చుంటారు. ఈసారి నెల్లూరు వచ్చినప్పుడు తొమ్మిది గంటల లోపు రండి, ఎండెక్కితే ఇళ్లకు పోతారు. ఒకరికి చెవులు సరిగా వినిపించవు, రెండో ఆయనను అడగండి. చిల్లర కోసం గ్లాసు తీసుకొని తాగకుండా పక్కవాడికి ఇచ్చేసిన మనిషి ఆయనే.